వరుస చివర స్వీడిష్ మాట: ఒత్తు చూసి కాదు, అతుకు చూసి విరవండి

ప్రశ్న: నమస్కారం అండీ. మాది కాకినాడ. ఆరేళ్లుగా స్వీడన్‌లో, లిన్‌షోపింగ్‌లో ఉంటున్నాం. మా అపార్ట్‌మెంట్ల సంఘం నెలకోసారి ఒక కరపత్రం వేస్తుంది. స్వీడిష్ బాగా రావాలని ఆ పని నేనే అడిగి తీసుకున్నాను. పేజీకి మూడు సన్నని కాలమ్‌లు. స్వీడిష్ మాటలేమో మూరెడు పొడుగు. వరుస చివర విరవక తప్పదు. పోయిన నెల పై అంతస్తులో ఉండే రిటైర్డ్ మాస్టారు ఒకాయన అయిదు మాటల చుట్టూ ఎర్ర పెన్‌తో సున్నాలు చుట్టి తెచ్చి ఇచ్చారు. ‘ఒబ్యెక్ట్’ని ఒ/బ్యెక్ట్ అనీ, ‘ఇనక్టీవ్’ని ఇన/క్టీవ్ అనీ, ‘ట్రాన్సక్షూన్’ని ట్రాన్/సక్షూన్ అనీ, ‘ఇన్‌ఫొర్మషూన్స్‌బ్లాడ్’ని ఇన్‌ఫొర్మషూన్/స్‌బ్లాడ్ అనీ (సమాచార కరపత్రం అని ఆ మాటకు అర్థం) విరిచాను. అయిదోది ‘కొన్‌స్ట్రుక్షూన్’. దాన్ని కంప్యూటరే కొన్‌స్ట్/రుక్షూన్ అని విరిచింది. ‘వీటిలో లాటిన్ ఉపసర్గలు ఉన్నాయి, అవి చూసుకుని విరవాలి’ అన్నారాయన. నేను చదివింది బీకాం. ఇప్పుడు లాటిన్ ఎక్కడ నేర్చుకోను? నోటికి ఎలా పలికితే అలా విరిస్తే తప్పేమిటి? వచ్చే నెల సంచిక తల్చుకుంటేనే టెన్షన్‌గా ఉంది.

సమాధానం: ముందు ఆ మాస్టారికి ఒక కప్పు కాఫీ ఇవ్వండి. స్వీడన్‌లో పక్కింటివాళ్లు తలుపు తట్టి మరీ తప్పు చెప్పడం రోజూ జరిగేది కాదు. ఆయన మీ కరపత్రం మొదటినుంచి చివరిదాకా చదివారన్నమాట.

ఇక మీ తప్పుల సంగతి. అయిదింటిలో రెండు అచ్చంగా తెలుగు తప్పులు. ‘ఒబ్యెక్ట్’ని మన లిపిలో రాసి చూడండి. ఒ తర్వాత ‘బ్యె’ ఒకే అక్షరం, బకారం కింద యవత్తు. ఒత్తును పై అక్షరం నుంచి విడదీయడం మన చేతికి రాని పని. మన అచ్చు పుస్తకాల్లో వరుస చివర మాటను దాదాపు ఏ అక్షరం దగ్గరైనా విరుస్తారు గానీ ‘విద్య’ని ‘విద్’ పైన, ‘య’ కింద వేయరు. చిన్నప్పటినుంచి కళ్లకు అలవాటైన ఆ పద్ధతినే మీరు స్వీడిష్ మీద పెట్టారు. ‘ఇనక్టీవ్’ దగ్గరా అంతే. ‘క్టీ’ మీకు ఒక్క అక్షరంగా కనబడింది, మొత్తం కిందికి దించారు.

నోటికి పలికినట్టే విరిచానన్నారు కదా, అక్కడే చిన్న మెలిక ఉంది. బళ్లో గురు లఘువులు గుర్తుపెట్టిన రోజులు తలచుకోండి. ‘విద్య’లో ‘వి’ గురువు. ఎందుకని? వెనక సంయుక్తాక్షరం ఉంది గనుక. అంటే చెవికి వినిపించేది ‘విద్-య’, కంటికి కనిపించేది ‘వి-ద్య’. మీరు ‘ఒబ్యెక్ట్’ విరిచినప్పుడు నోటి మాట వినలేదు, కంటి మాట విన్నారు. ఇంకోసారి మెల్లగా పలకండి: ఒబ్... యెక్ట్. బకారం పైనే ఉండిపోతుంది.

స్వీడిష్‌లో వరుస చివర మాటను విరవడాన్ని ‘ఆవ్‌స్టావ్‌నింగ్’ అంటారు. దానికి రెండు పద్ధతులు ఉన్నాయి, రెండూ ఒప్పే. ఒకటి ‘ఊర్డ్‌లేడ్స్‌ప్రిన్సీప్’. మాట ఏ ముక్కలతో కట్టారో ఆ ముక్కల అతుకు దగ్గర విరవడం. రెండోది ‘ఏన్‌కొన్సొనంట్‌ప్రిన్సీప్’. పేరులోనే ఉంది, ఒక్క హల్లు సూత్రం. రెండు అచ్చుల మధ్య ఎన్ని హల్లులున్నా చివరిది ఒక్కటే కింది వరుసకు దిగుతుంది, మిగతావన్నీ పైనే. అమ్మాయిని ‘ఫ్లిక్కా’ అంటారు కదా, అందులో రెండు హల్లులు. ఒకటి పైన, ఒకటి కింద. మన ఒత్తు పద్ధతికి ఇది సరిగ్గా తలకిందులు. అందుకే తెలుగువాళ్లం ఇక్కడ తడబడతాం.

రెండూ ఒప్పే అయితే ‘ట్రాన్/సక్షూన్’ ఎందుకు తప్పయింది అని అడుగుతారు. ఒక్క హల్లు సూత్రం ప్రకారం మీరు విరిచింది సరైనదే. మాస్టారికి మింగుడు పడనిది వేరు. ‘ట్రాన్’ అంటే స్వీడిష్‌లో చేప నూనె, తిమింగలం నూనె. ‘ట్రానా’ అంటే సారసాల జాతి పెద్ద కొంగ. వెస్టెర్‌యోట్లాండ్‌లో హోర్న్‌బొరియా సరస్సు దగ్గర వసంతకాలంలో వేలాది కొంగలు దిగి గంతులేస్తాయి. దాన్ని ‘ట్రాన్‌డన్స్’ అంటారు, కొంగల నాట్యం. చూడకపోతే ఒకసారి వెళ్లి చూడండి, చలికి తట్టుకునే బట్టలు మాత్రం మరవకండి. వరుస చివర ‘ట్రాన్’ అని చదివినవాడి మనసు నూనెకో, కొంగకో పోతుంది. కింది వరుసలో ‘సక్షూన్’ కనబడగానే వెనక్కి రావాలి. ‘ట్రాన్స్’ అని పైన ఉంటే ‘అక్షూన్’ దానంతటదే అర్థమవుతుంది.

సమాసాలకు, ఉపసర్గలకు అతుకు సూత్రం, మిగిలిన చోట్ల ఒక్క హల్లు సూత్రం అనుకుంటే నూటికి తొంభై మాటలు ఒడ్డున పడతాయి.

లాటిన్ సంగతికి వద్దాం. మీరు బీకాం చదివి ఉండొచ్చు, పదో తరగతి దాకా తెలుగు చదివారు కదా! ప్ర, అప, ఉప, నిర్, దుర్, అంతర్ మీకు తెలుసు. లాటిన్, సంస్కృతం ఒకే తల్లి పిల్లలు. లాటిన్ ‘ప్రో’ మన ‘ప్ర’కు తోబుట్టువు. ‘అబ్’కు అప, ‘సుబ్’కు ఉప, ‘సూపర్’కు ఉపరి, ‘ఇంటర్’కు అంతర్. లేదు, కాదు అనే ‘ఇన్’కు మన అ, అన్. ఇంగ్లిష్ ‘ఇంటర్నేషనల్’కి మనం ‘అంతర్జాతీయం’ అని పెట్టుకున్నామంటే అది అనువాదమే కాదు, వేల ఏళ్ల కింద విడిపోయిన చుట్టాలు మళ్లీ కలుసుకోవడం కూడా.

సంధి కూడా మీకు కొత్త కాదు. ఉత్ + లేఖ ఉల్లేఖ అవుతుంది, వెనక వచ్చిన లకారం ముందున్న తకారాన్ని తనలాగే చేసుకుంటుంది. లాటిన్‌లో కొన్ + లేగా ‘కొల్లేగా’ అయింది ఇలాగే. స్వీడిష్‌లో తోటి ఉద్యోగిని ఇప్పటికీ ఆ మాటతోనే పిలుస్తారు. ఇన్ + లెగాల్ ‘ఇల్లెగాల్’ అయింది, కొన్ + రెక్ట్ ‘కొర్రెక్ట్’ అయింది. ఇలా ద్విత్వం వచ్చిన చోట మీకు ఏ బాధా లేదు. అతుకు సూత్రమైనా, ఒక్క హల్లు సూత్రమైనా రెండు లకారాల మధ్యే విరవమంటాయి.

బాధంతా ఉపసర్గ చివరి హల్లు వెనకాల అచ్చు వచ్చినప్పుడే. ‘అంతరాత్మ’ చూడండి. అంతర్ + ఆత్మ. అతుకు ‘రా’ అనే అక్షరం కడుపులో ఉంది. మన లిపిలో అక్కడ కత్తి పెట్టలేం, అది కలిసిపోయిన అక్షరం. స్వీడిష్ లిపిలో పెట్టగలం, ఎందుకంటే అక్కడ హల్లు, అచ్చు పక్కపక్కన విడివిడిగా నిలబడి ఉంటాయి. ‘ట్రాన్సక్షూన్’ అలాంటి అంతరాత్మే. పలికేటప్పుడు సకారం వెనక అచ్చుతో కలిసిపోతుంది, రాతలో మాత్రం ట్రాన్స్ దగ్గర విడదీయవచ్చు. ‘ఇనక్టీవ్’ కూడా ఇన్ + అక్టీవ్.

ఒక తమాషా చెప్పనా? స్వీడిష్‌లో సిలబుల్‌ని ‘స్టావెల్సె’ అంటారు. ఉపసర్గని ‘ఫోర్‌స్టావెల్సె’ అంటారు, అంటే ముందు సిలబుల్. ‘ఇంటర్’లో రెండు సిలబుల్స్ ఉన్నా దానికీ అదే పేరు. సిలబుల్ వేరు, ఉపసర్గ వేరు అని మీరు తికమక పడుతున్నారు గానీ ఆ తికమక వాళ్ల పేర్లలోనే ఉంది.

ఇప్పుడు అసలు కష్టం: ఉపసర్గలా కనిపించి కానివి. ‘కొన్‌స్ట్’ అంటే కళ, జర్మన్ వైపు నుంచి వచ్చిన మాట. ‘కొన్‌స్ట్‌వెర్క్’ అంటే కళాఖండం, దాన్ని ‘కొన్‌స్ట్’ తర్వాతే విరవాలి. ‘కొన్‌స్ట్రుక్షూన్’ మాత్రం కొన్ + స్ట్రుక్షూన్, కూర్చి కట్టినది. మీ కంప్యూటర్ ఒక్క హల్లు సూత్రాన్ని గుడ్డిగా పట్టుకుని రకారం ఒక్కదాన్ని కిందికి దించింది. పై వరుస చివర ‘కొన్‌స్ట్’ మిగిలింది. మీ బిల్డింగ్ మరమ్మతుల వార్తలో చదివేవాళ్లకు ‘కళ’ కనబడింది! అలాగే ‘డిస్కుటేరా’, చర్చించడం. అందులో ఉన్నది డిస్ అనే ఉపసర్గ. ‘డిస్క్‌బెంక్’ అంటే వంటింటి సింకు గట్టు. అందులో డిస్క్ అంటే అంట్లు. అంట్లకు లాటిన్ ఉపసర్గ పెట్టి విరిస్తే బాగుండదు. ‘రెస్పెక్ట్’లో రె ఉపసర్గ, ‘రేస్‌పెంగర్’లో రేస అంటే ప్రయాణం, మొత్తం కలిపి దారిఖర్చులు.

వీటిని ఎలా పట్టుకోవడం? లాటిన్ నిఘంటువు అక్కర్లేదు, చెవి చాలు. మాటను పైకి చదివి, ఎక్కడ నొక్కుతున్నారో వినండి. స్వీడిష్ సమాసంలో మొదటి ముక్క మీద గట్టి నొక్కు పడుతుంది, రెండో ముక్క మీద ఇంకో చిన్న నొక్కు. స్వీడిష్ వాళ్ల మాట పాట పాడినట్టు ఎత్తిపడేసేది అందుకే. లాటిన్ నుంచి వచ్చిన మాటల్లో నొక్కు ఎక్కువగా చివరికి జరుగుతుంది. కొన్‌స్ట్‌వెర్క్ అన్నప్పుడు ‘కొన్‌స్ట్’ మీద నొక్కు, కొన్‌స్ట్రుక్షూన్‌లో చివరి ‘షూన్’ మీద. ట్రాన్‌డన్స్‌లో ‘ట్రాన్’ మీద, ట్రాన్స్‌పోర్ట్‌లో ‘పోర్ట్’ మీద. డిస్క్‌బెంక్‌లో ‘డిస్క్’ మీద, డిస్కుటేరాలో ‘టే’ మీద. ఈ పరీక్ష నాకు ఎన్నోసార్లు పనికొచ్చింది. వ్యాకరణం పేర్లు మాత్రం మొండికేస్తాయి. అడ్యెక్టీవ్, సుబ్‌స్టంటీవ్ లాటిన్ మాటలే అయినా మొదట్లోనే నొక్కుతారు. లేదు, కాదు అనే ‘ఇన్’ కూడా తరచూ నొక్కు తన మీదికే లాక్కుంటుంది. అక్కడ అతుకు ఎలాగూ స్పష్టంగానే ఉంటుంది కాబట్టి నష్టం లేదు.

ఇంకో పరీక్ష. ఉపసర్గ తీసేస్తే మిగిలిన ముక్క ఒంటరిగా బతుకుతుందా? అక్షూన్, అక్టీవ్ రెండూ స్వీడిష్‌లో మాటలే. కాబట్టి అతుకు దగ్గర ధైర్యంగా విరవండి. ‘యెక్ట్’ ఒంటరిగా లేదు, నిజమే. దానికి తోబుట్టువులు ఉన్నారు: సుబ్యెక్ట్, ఒబ్యెక్ట్, అడ్యెక్టీవ్, ఇన్యెక్షూన్. అన్నీ లాటిన్‌లో ‘విసరడం’ అనే ధాతువు పిల్లలే. ఇంతమంది కనబడుతున్నారంటే అది ఒక ఇటుక అని స్వీడిష్ వాడి చెవికీ తెలుసు. అదే ‘అడొప్షూన్’ తీసుకోండి, దత్తత. లాటిన్‌లో అడ్ + ఒప్షూనే, కానీ మామూలుగా మాట్లాడేవాళ్ల చెవిలో ఆ అతుకు ఎప్పుడో మాసిపోయింది. అక్కడ పాండిత్యం చూపించబోకుండా చివర్లో ‘అడొప్’ తర్వాత విరిచి, ‘షూన్’ని కిందికి దింపండి. ఎవరూ వేలెత్తి చూపరు.

‘షూన్’ అని నేను రాస్తున్న ఆ చివరి ముక్కని మాత్రం ఎక్కడా చీల్చకండి. స్వీడిష్ రాతలో దాని మొదటి రెండు అక్షరాలూ (టి, ఐ) కలిసి ఒకే ధ్వని. మనిషి అనే అర్థంలో ‘మెన్నిషా’ అంటారే, అందులో ‘షా’ దగ్గర కూడా రాతలో రెండు అక్షరాలు (ఎస్, కె), ధ్వని ఒకటే. మొత్తంగా కిందికి దిగాలి. ఎక్స్ అక్షరానిది వేరే గోల. అది ఒక్క అక్షరమే గానీ ధ్వనులు రెండు. దాన్ని మామూలుగా పై వరుసలోనే ఉంచుతారు. అందువల్ల ‘ఎక్స్’ ఉపసర్గ ఉన్న మాటలు మీకు బంగారం, ‘ఎక్సెంపెల్’ లాంటివి రెండు సూత్రాల ప్రకారమూ ఒకేచోట విరుగుతాయి.

సమాసాల గురించి మాస్టారు ఎక్కువ చెప్పినట్టు లేరు, నిజానికి మీ కరపత్రంలో ఎక్కువ తగిలేవి అవే. ‘ఇన్‌ఫొర్మషూన్స్‌బ్లాడ్’లో మధ్యనున్న సకారం జిగురు లాంటిది, రెండు మాటలను అతికించడానికి వేసినది. అది ఎప్పుడూ ముందు మాటకే చెందుతుంది. ‘ఇన్‌ఫొర్మషూన్స్’ పైన, ‘బ్లాడ్’ కింద. మీరు దాన్ని కిందికి దించి, మన ఒత్తులా బకారానికి తగిలించారు. ఇంత పొడుగు మాటలో పెద్ద అతుకు దొరికితే లోపలున్న ‘ఇన్’ ఉపసర్గ జోలికి పోనక్కర్లేదు.

స్వీడిష్ వాళ్లు సమాసంలో ఒకే హల్లు మూడుసార్లు వరుసగా రాయరు. సుంకం ‘టుల్’, చివర రెండు లకారాలు. చట్టం ‘లాగ్’. కలిపితే మూడు లకారాలు కావాలి, రెండే రాస్తారు. వరుస చివర విరిచినప్పుడు మాత్రం పోయిన లకారం తిరిగొస్తుంది, పైన రెండు, కింద ఒకటి. ఐస్‌క్రీమ్ కోన్ ‘గ్లాస్‌స్ట్రూట్’దీ, బస్ స్టేషన్‌కి వాడే ‘బుస్‌స్టషూన్’దీ ఇదే కథ, సకారాలతో. చాలా ప్రోగ్రాములు ఆ మూడో అక్షరాన్ని తెచ్చి పెట్టలేవు. మీరే చూసుకోవాలి.

కంప్యూటర్ మీద కోపం వద్దు. దానికి అర్థం తెలియదు. ఫ్రాంక్లిన్ లియాంగ్ 1983లో స్టాన్‌ఫర్డ్‌లో రాసిన పరిశోధన గ్రంథం నుంచి బయల్దేరిన పద్ధతి ఇప్పటికీ ఎన్నో ప్రోగ్రాముల్లో నడుస్తోంది. ఏ అక్షరాల గుంపు పక్కన విరవొచ్చు, ఎక్కడ కూడదు అనే నమూనాల పట్టికే దానికి ఆధారం. ‘బిల్‌డ్రుల్లె’ అంటే కారు అడ్డదిడ్డంగా నడిపే మొద్దు. అవే అక్షరాలను ‘బిల్డ్‌రుల్లె’ అని చదివితే బొమ్మల చుట్ట. ద్రాక్ష తీగను ‘వీన్‌స్టొక్’ అంటారు, తకారం పైకి ఎక్కితే ‘విన్‌స్ట్’ అవుతుంది, లాభం. ఏది ఎక్కడ విరవాలో వాక్యం తెలిసినవాళ్లకే తెలుస్తుంది. అయితే ఒకటి చూసుకోండి, మీ ఫైల్ భాష స్వీడిష్ అని పెట్టారా? ఇంగ్లిష్ అని ఉంటే అది ఇంగ్లిష్ పట్టికతో స్వీడిష్ మాటల్ని నరుకుతుంది.

నా అనుభవం ఒకటి చెప్పాలి, నవ్వుకోండి. కొన్నేళ్ల కింద మా ఊళ్లో ఉగాది సభకు హాలు గోడమీద అంటించడానికి నోటీసు తయారుచేశాను. ‘పొగ తాగరాదు’ అనే అర్థంలో ‘రోక్‌ఫ్రిట్’ వరుస చివర పట్టలేదు. మామూలు హైఫన్ కొట్టి, ఎంటర్ నొక్కాను. తర్వాత ఇంకెవరో అక్షరాలు చిన్నవి చేశారు, మాట ఒకే వరుసలోకి వచ్చింది. మధ్యలో హైఫన్ బాగాలేదని తీసేసి ఖాళీ వదిలేశారు. అలా రెండు మాటలుగా విడిపోతే దాని అర్థం ‘స్వేచ్ఛగా పొగ తాగండి’! స్వీడిష్ వాళ్లు సమాసాన్ని ఇలా విడగొట్టి రాయడం చూస్తే ఎంత చిరాకు పడతారో, ఎంత నవ్వుకుంటారో ఆ రోజు తెలిసింది. అప్పటినుంచి వర్డ్‌లో కంట్రోల్ పట్టుకుని హైఫన్ కొట్టడం నేర్చుకున్నాను. అది మెత్తని హైఫన్, అవసరమైతేనే కనబడుతుంది, మాట వరుసలో పడితే మాయమవుతుంది.

అనుమానం వచ్చినప్పుడు స్వీడిష్ అకాడమీ పదకోశం చూడండి. మొదటిసారి 1874లో వచ్చింది, పద్నాలుగో ముద్రణ 2015ది, నెట్‌లో ఉచితం. సమాసాల అతుకు దగ్గర సన్నని నిలువు గీత ఉంటుంది. నియమాల కోసమైతే భాషా మండలి ‘స్ప్రోక్‌రోడెట్’ వేసిన ‘స్వెన్స్కా స్క్రీవ్‌రేగ్లర్’ ఉంది. లైబ్రరీలో అడగండి.

మీ అయిదు మాటలు ఇలా సరిచేయండి. ‘ఇనక్టీవ్’కి ‘ఇన్’ దగ్గర, ‘ట్రాన్సక్షూన్’కి ‘ట్రాన్స్’ దగ్గర, ‘కొన్‌స్ట్రుక్షూన్’కి ‘కొన్’ దగ్గర, ‘ఇన్‌ఫొర్మషూన్స్‌బ్లాడ్’కి ‘బ్లాడ్’ ముందు. ‘ఒబ్యెక్ట్’ని ‘ఒబ్’ దగ్గర విరవొచ్చు గానీ ఆరే అక్షరాల మాటకు అంత శ్రమ ఎందుకు? దాన్ని మొత్తంగా కింది వరుసకు తోసేయండి. మూడు కాలమ్‌లు కూడా రెండు చేయండి, సగం తలనొప్పి పోతుంది. మొదటి పేజీ పైన పెద్ద అక్షరాల్లో వేసే సంఘం పేరు, ఆ ‘బూస్టాడ్స్‌రెట్స్‌ఫోరేనింగ్’, మాత్రం ఫాంట్ తగ్గించయినా సరే ఒకే వరుసలో పెట్టండి.